గొడ్డు చెవిలో హార్మోన్ గుళిక: మీ అనుమానాలు, పశువైద్యుడి జవాబులు

పోయిన సంచికలో ఫీడ్‌లాట్ల (కోతకి ముందు పశువుల్ని దాణా పెట్టి బలిపించే పెద్ద దొడ్లు) మేత గురించి రాస్తూ, అమెరికాలో మాంసానికి పెంచే పశువుల చెవుల్లో హార్మోన్ గుళికలు పెడతారని ఒక్క ముక్క అన్నాను. ఆ ఒక్క ముక్క మీదే బోలెడు ఉత్తరాలొచ్చాయి. కొందరికి భయం, కొందరికి కోపం, ఒకరికి వ్యాపారం, ఒక తమ్ముడికి మాత్రం వేరే ఆలోచన. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, నేను కాన్సస్‌లో యానిమల్ సైన్స్ చదువుతున్నాను. త్వరలో ఒక ఫీడ్‌లాట్‌లో ఇంటర్న్‌షిప్. అక్కడ మా చేత కూడా ఇంప్లాంట్లు, అంటే ఈ గుళికలే, వేయిస్తారంట. అసలు అందులో ఏముంటుంది, ఒంట్లోకెళ్లి ఏం చేస్తుంది, వేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు ఏముంటుందో చెప్తా. అమెరికాలో మాంసపు పశువుల ఎదుగుదలకి అనుమతి ఉన్న స్టెరాయిడ్ తరహా హార్మోన్లు ఆరు. వాటిలో ఈస్ట్రడయోల్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్ ఒంట్లో సహజంగా తయారయ్యేవే. ట్రెన్‌బోలోన్ అసిటేట్, జెరనాల్, మెలెంజెస్ట్రాల్ అసిటేట్ మనుషులు తయారు చేసినవి. ఈ చివరిదాన్ని గుళికగా పెట్టరు, పెయ్యలకి దాణాలో కలుపుతారు, అవి ఎదకి రాకుండా నెమ్మదిగా మేత మీద ఉంటాయని. జెరనాల్‌ని అయితే మొక్కజొన్నకి పట్టే ఫ్యుజేరియం బూజులో పుట్టే జియరలెనోన్ అనే పదార్థం నించి తీస్తారు, అది అసలు స్టెరాయిడే కాదు, అయినా ఒంట్లో ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్లు, ఈస్ట్రడయోల్ కూడా వాటిలోదే) పని చేస్తుంది.

ఇక పని చేసే తీరు. వట్టలు కొట్టకుండా వదిలేసిన కోడె, కొట్టినదాని కంటే త్వరగా పెరుగుతుంది, కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. కొట్టేసరికి ఆ హార్మోన్లు పోతాయి, పశువు సాధువవుతుంది గానీ ఎదుగుదల తగ్గుతుంది. గుళిక ఆ పోయినదాంట్లో కొంత తిరిగి ఇస్తుందన్నమాట. ఈస్ట్రడయోల్ వల్ల ఒంట్లో గ్రోత్ హార్మోను, దాని వెనకే ఐజీఎఫ్-1 అనే ఇంకో ఎదుగుదల హార్మోనూ పెరుగుతాయి, కండరాల్లో కొత్త కణాలు చేరతాయి. ట్రెన్‌బోలోన్ సరాసరి కండరాన్ని పట్టుకుని ప్రొటీన్ కరిగిపోవడాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిసిన గుళికలు అందుకే ఎక్కువ వాడతారు. రోజువారీ బరువు పెరగడంలో 10 నించి 20 శాతం దాకా తేడా మామూలుగా కనిపిస్తుంది, అదే కిలో బరువుకి పట్టే మేత కూడా తగ్గుతుంది. అయితే ఒకటి గుర్తుపెట్టుకో, గుళిక మేతని పుట్టించదు. సరైన దాణా లేని పశువుకి ఎంత ఖరీదైన గుళిక పెట్టినా అది చెవిలో ఊరికే కరిగిపోతుంది అంతే.

వేసే పద్ధతి మీద నేను ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో సగం నష్టం అక్కడే జరుగుతుంది. చోటు: చెవి వెనక వైపు, పొడవులో మధ్య మూడోవంతు, చర్మానికీ మృదులాస్థికీ మధ్య. మెడ మీదో తొడ మీదో పెట్టకూడదు, చెవే ఎందుకంటే కోతకి వెళ్లినప్పుడు చెవిని పక్కన పారేస్తారు, మిగిలిన మందు ఎవరి పళ్లెంలోకీ రాకుండా ఉండటానికి అది పెట్టుకున్న ఏర్పాటు. పశువు తల కదలకుండా బోనులో బిగించాక చెవిని చేత్తో తడిమి చూడు, పాత ట్యాగు రంధ్రాలు, రక్తనాళాలు ఎక్కడున్నాయో తెలుస్తాయి. చెవి మీద పేడ ఉంటే గీకి, డిసిన్ఫెక్టెంట్‌తో బ్రష్ చేసి తుడవాలి. గుళికలు పెట్టే గన్ను సూదిని ప్రతి పశువుకీ మధ్య క్లోర్‌హెక్సిడిన్ తడిపిన స్పాంజి మీద తుడవాలి, మొద్దుబారితే మార్చేయాలి. సూదిని చర్మం కింద పూర్తిగా జొనిపి, ట్రిగ్గర్ నొక్కుతూ గన్నుని వెనక్కి లాగాలి, అప్పుడు గుళికలు వరసగా ఒకదాని వెనక ఒకటి పడతాయి. వెనక్కి లాగకుండా నొక్కేస్తే అవి నలిగి పిండైపోతాయి, నెలల తరబడి మెల్లగా ఇంకాల్సిన మందు ఒక్కసారిగా రక్తంలోకి పోతుంది, అప్పుడే ఒక పశువు మీదకి మిగతావి ఎక్కడం, తోక మొదలు ఉబ్బడం, పొదుగు కనపడటం లాంటివి మొదలవుతాయి. మృదులాస్థిలోకి గుచ్చేస్తే మందు సరిగ్గా ఇంకదు. మురికి చేత్తో పెడితే చీము పట్టి గుళికలు బయటకి వచ్చేస్తాయి. కొన్ని వారాలయ్యాక కొన్ని చెవులు పట్టుకుని వేలితో తడిమి చూడు, వరస తగులుతోందా, గడ్డ కట్టిందా, ఖాళీగా ఉందా. ఆ రోజు గన్ను పట్టుకున్నవాడి పని ఎలా ఉందో ఆ చెవులే చెప్తాయి.

ఇంకోటి, తోచినప్పుడల్లా మళ్లీ మళ్లీ వేసే పద్ధతి ఇప్పుడు కుదరదు. 2023 నించి ఎఫ్‌డీఏ (అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) గట్టిగా చెప్తోంది, ఒకే పెంపకం దశలో రెండోసారి వేయాలంటే ఆ మందు లేబుల్ మీద అలా వేయొచ్చని రాసి ఉండాలి. కాబట్టి నీకు పని చెప్పినవాళ్లని లేబుల్ చూపించమని అడుగు, మొహమాటపడకు.

ప్రశ్న: నమస్కారం డాక్టరు గారూ. మేం టెక్సస్‌లో ఉంటాం, మా అమ్మాయికి ఏడేళ్లు. ఇంట్లో బీఫ్ తింటాం. ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి కావడానికి ఈ హార్మోన్లే కారణమని మా వాట్సాప్ గ్రూపులో రోజూ ఎవరో ఒకరు పెడుతున్నారు. బాగా ఉడికిస్తే పోతాయా? లేబుల్ మీద ఏం చూసి కొనాలి?

జవాబు: అమ్మా, ముందు లెక్క చెప్తాను, తర్వాత ఆ లెక్కలో నాకున్న అనుమానం కూడా చెప్తాను. గుళిక పెట్టని పశువు మాంసం 85 గ్రాముల్లో ఈస్ట్రోజన్ సుమారు 1.3 నానోగ్రాములు, పెట్టినదాంట్లో సుమారు 1.9 అని అమెరికా యూనివర్సిటీలు తరచూ చూపించే అంకెలు. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ కలిపి వేసిన నిపుణుల కమిటీ 1999లో ఈస్ట్రడయోల్‌కి పెట్టిన రోజువారీ హద్దు, శరీర బరువు కిలోకి 50 నానోగ్రాములు, అంటే 20 కిలోల పిల్లకి రోజుకి 1000. పావుకిలో మాంసం ఒక్క పూటలో తిన్నా అందులో ఆరు నానోగ్రాములు దాటదు. పైగా నోటి ద్వారా వెళ్లిన ఈస్ట్రడయోల్‌లో చాలా భాగాన్ని పేగులూ కాలేయమూ అక్కడే విరిచేస్తాయి. ఇంకో మాట, చూడి ఆవు మాంసంలోనో, వట్టలు కొట్టని కోడె మాంసంలోనో సహజంగా ఉండే హార్మోన్లు, గుళిక పెట్టిన కోడె మాంసంలో ఉన్నవాటి కంటే చాలా ఎక్కువ ఉండొచ్చు, అవి ఎవరూ లేబుల్ మీద రాయరు.

ఇప్పుడు అనుమానం. చిన్నపిల్లల ఒంట్లో సొంతంగా తయారయ్యే ఈస్ట్రోజన్ ఎంతో దాన్ని బట్టి ఎఫ్‌డీఏ హద్దు పెట్టుకుంది, మాంసం ద్వారా అదనంగా వెళ్లేది అందులో ఒక శాతం మించకూడదని. అయితే ఆ పాత కొలతలు అసలు కంటే చాలా ఎక్కువ చూపించాయని, పిల్లల్లో నిజంగా తయారయ్యేది అంతకన్నా బాగా తక్కువని 1999లో డెన్మార్క్‌కి చెందిన ఆండర్సన్, స్కాకెబేక్ అనే ఇద్దరు వాదించారు. నా మటుకు నాకు అది తీసిపారేయాల్సిన వాదన కాదనిపిస్తుంది. సోయాలో, క్యాబేజీలో ఇంతకన్నా ఎక్కువ ఈస్ట్రోజన్ ఉందని చూపించే పట్టికలు కూడా మీ గ్రూపులో వస్తుంటాయి చూడండి, వాటిని కూడా నమ్మకండి, మొక్కల్లో ఉండేవాటి బలం ఈస్ట్రడయోల్ బలంతో సమానం కాదు, రెండిటినీ ఒకే త్రాసులో తూచడం మోసం.

మీ అమ్మాయి సంగతికొస్తే, పిల్లలు ముందుగా ఎదగడానికీ బీఫ్‌లో గుళికల హార్మోన్‌కీ నేరుగా ముడి ఉందని ఇంతవరకూ రుజువు కాలేదు, ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉండటానికీ దానికీ ముడి మాత్రం చాలా అధ్యయనాల్లో కనపడింది. ఎనిమిదేళ్లలోపు ఛాతీ పెరగడం కనిపిస్తే మాత్రం మాంసం మానేసి ఎదురుచూడకండి, పిల్లల డాక్టరుకి చూపించండి.

ఉడికిస్తే పోవు. స్టెరాయిడ్లు ప్రొటీన్లలాగా మన పొయ్యి వేడికి విరిగిపోయేవి కాదు.

లేబుల్ విషయంలో చాలామంది డబ్బు దండగ చేస్తారు. అమెరికాలో మాంసం మీద నేచురల్ అని రాసి ఉంటే, కృత్రిమ పదార్థాలు కలపలేదు, పెద్దగా ప్రాసెస్ చేయలేదు అని మాత్రమే అర్థం, పశువుని ఎలా పెంచారన్నది అందులోకి రాదు. గ్రాస్‌ఫెడ్ అన్నా అది మేత గురించే. మీకు కావాల్సింది హార్మోన్లు వాడలేదని విడిగా రాసినది, లేదా వ్యవసాయ శాఖ ఆర్గానిక్ ముద్ర ఉన్నది, ఆర్గానిక్‌లో ఈ గుళికలు నిషేధం.

ప్రశ్న: సార్, యూరప్ వాళ్లు నిషేధించింది అమెరికా వాళ్లు జనానికి పెడుతున్నారంటే ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నట్టే కదా?

జవాబు: ఇద్దరికీ ఒకే భయంకరమైన గతం ఉంది, దాని నించి ఇద్దరూ వేరే వేరే పాఠాలు తీసుకున్నారు. డీఈఎస్ అని ఒక మందు ఉండేది, 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజన్, నోట్లో వేసుకున్నా బలంగా పనిచేసేది. గర్భిణులకి గర్భస్రావం కాకుండా ఇచ్చారు. 1954 నించి అమెరికాలో పశువుల దాణాలోనూ కలిపారు. 1971లో తేలిందేంటంటే, కడుపుతో ఉన్నప్పుడు ఆ మందు వాడిన తల్లుల కూతుళ్లకి, వాళ్లు యుక్తవయసుకి వచ్చాక, యోనిలో ఒక అరుదైన క్యాన్సర్ వస్తోందని. తల్లి మింగింది, కూతురు అనుభవించింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, ఎందుకంటే పశువుల్లో దాన్ని పూర్తిగా ఆపడానికి 1979 దాకా పట్టింది. ఆ తర్వాత ఏడాదే, 1980లో, ఇటలీలో దూడ మాంసంతో చేసిన పసిపిల్లల ఆహారంలో డీఈఎస్ దొరికింది. యూరప్ అంతా అట్టుడికిపోయింది, జనం దూడ మాంసం కొనడం మానేశారు, 1981లో నిషేధాలు మొదలై, 1989 జనవరి నించి హార్మోన్లు వాడిన మాంసం దిగుమతి కూడా ఆపేశారు.

అమెరికా అన్నది, డీఈఎస్ వేరు, ఇప్పటి మందులు వేరు, ఒక్కోదానికీ హద్దు పెట్టి కొలుద్దాం అని. యూరప్ అన్నది, ఈస్ట్రడయోల్‌కి ఇంతవరకూ భద్రం అని చెప్పగలిగే గీతే లేదు అని. 1995లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్‌లో ఓటు పెడితే 33 దేశాలు ఈ హార్మోన్లకి హద్దులు ఒప్పుకున్నాయి, 29 వద్దన్నాయి, 7 తటస్థం. ఇంత గీతకి అటూఇటూగా ఉన్నదాన్ని సైన్స్ ఏకగ్రీవంగా తేల్చేసిందని ఎవరైనా చెప్తే ఎలా నమ్ముతాం చెప్పండి. 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) అప్పీలు సంఘం, యూరప్ నిషేధం వెనక సరైన ప్రమాద అంచనా లేదన్నది. యూరప్ అయినా తగ్గలేదు, దాంతో 1999లో అమెరికాకి ఏడాదికి 11.68 కోట్ల డాలర్ల విలువకి ఎదురు సుంకాలు వేసుకునే హక్కు వచ్చింది, ఫ్రాన్స్ రోక్‌ఫోర్ట్ జున్ను మీద 100 శాతం పన్ను పడింది, గొర్రెపాలతో జున్ను చేసుకునే రైతులు పశువుల హార్మోన్ గొడవలో నలిగిపోయారు. 2009లో రాజీ కుదిరింది, హార్మోన్లు వాడని మాంసానికి యూరప్ ప్రత్యేక కోటా ఇచ్చింది. నిషేధం మాత్రం ఇప్పటికీ ఉంది.

అబద్ధం ఎవరిదీ కాదు. హాని ఉందని రుజువు దొరికేదాకా వాడొచ్చు అనేది ఒకరి పద్ధతి, భద్రం అని తేలేదాకా వద్దు అనేది ఇంకొకరి పద్ధతి. డీఈఎస్ కథ చదివాక నేను రెండోవాళ్లని తప్పుపట్టలేను. అలాగని ఇప్పటి గుళికల్ని డీఈఎస్‌తో కలిపేసి భయపెట్టడం కూడా న్యాయం కాదు.

ప్రశ్న: కోళ్లకీ, పాలిచ్చే ఆవులకీ కూడా ఇవే గుళికలు పెడతారా?

జవాబు: అమెరికాలో కోళ్లకీ పందులకీ ఈ హార్మోన్లకి అనుమతే లేదు. చికెన్ ప్యాకెట్ మీద హార్మోన్లు లేవని రాస్తే, అసలు చట్టమే ఒప్పుకోదన్న మాట కూడా దాని పక్కనే రాయాలి, కాబట్టి ఆ మాటకి అదనంగా డబ్బు ఇవ్వకండి. కోడి త్వరగా పెరగడం దాని జాతి ఎంపిక, దాణా వల్ల. పాడి ఆవులకి గుళికలు పెట్టరు. పాల కోసం ఇచ్చే ఆర్‌బీఎస్‌టీ ఇంజెక్షన్ వేరే సంగతి, అది ప్రొటీన్ హార్మోను, అమెరికా 1993లో ఒప్పుకుంది, కెనడా 1999లో ఆవుల ఆరోగ్యం చెడుతుందని కాదంది.

ప్రశ్న: అన్నా, జిమ్‌లో ట్రెన్ అని వాడుతున్నారు, అది పశువుల గుళికల నించే వస్తుందంట. గొడ్డుకి భద్రం అయితే మనిషికి కూడా ఓకే కదా, డోసు ఎంత?

జవాబు: తమ్ముడూ, డోసు నేను చెప్పను. ట్రెన్‌బోలోన్‌కి మనుషుల్లో ఏ జబ్బుకీ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. గొడ్డుకి భద్రం అని ఎవరు చెప్పారు? ఆ కోడె నెలల్లో కోతకి వెళ్తుంది, దాని గుండె నలభై ఏళ్లు కొట్టుకోవాల్సిన అవసరం లేదు, దానికి పిల్లలు పుట్టాల్సిన అవసరం లేదు. అసలు మందకి పోతుగా ఉంచుకునే కోడెదూడకైతే ఈ గుళిక పెట్టనే పెట్టరు, వృషణాలు సరిగా ఎదగవని. అది ఒక్కటి చాలు నువ్వు ఆలోచించడానికి. మనిషిలో సొంత టెస్టోస్టిరాన్ ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గిపోయి బీపీ పెరుగుతుంది, గుండె గోడ మందమవుతుంది, రాత్రుళ్లు చెమటలు, నిద్ర లేకపోవడం, ఇంట్లోవాళ్ల మీద ఊరికే అరవడం. గుళికల్ని కరిగించి చేసే సరుకులో శుభ్రత ఎవరు చూస్తారు? ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే దాచుకోకుండా డాక్టరు దగ్గరకి వెళ్లు, రక్తపరీక్షలు చేయించుకో, తిట్టినా పర్లేదు వెళ్లు.

ప్రశ్న: మాంసం గురించే అందరూ మాట్లాడతారు. అన్ని వేల పశువుల పేడ, మూత్రం ఎటు పోతుంది సార్?

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో ఇలా అడిగింది మీరొక్కరే, నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. పశువు ఒంట్లోంచి ట్రెన్‌బోలోన్ రూపాలు పేడలో బయటకి వస్తాయి. పేడ నిల్వ గుంటల్లో అది సగానికి తగ్గడానికి 260 రోజుల వరకూ పట్టొచ్చని కొలిచారు. వాన పడితే వాగులోకి. ల్యాబులో చాలా తక్కువ మోతాదులోనే మిన్నో అనే చిన్న చేపల్లో ఆడవాటికి మగ చేపల తల మీద వచ్చే బొడిపెలు వచ్చాయి, గుడ్లు పెట్టడం తగ్గింది. నెబ్రాస్కాలో ఫీడ్‌లాట్ దిగువ నీళ్లలో పట్టిన మగ చేపల వృషణాలు చిన్నవిగా ఉన్నాయని 2004లో రాశారు. ఇంకా కలవరపెట్టేది 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది, ఎండకి విరిగిపోయిందనుకున్న ఆ పదార్థం చీకట్లో కొంత మళ్లీ పాత రూపంలోకి వస్తోందని. అంటే పగలు నమూనా తీసి నీళ్లు బాగానే ఉన్నాయనడానికి లేదు. మాంసానికి హద్దులు ఉన్నాయి, నమూనాలు తీసి పరీక్షిస్తారు, పేడకుప్పకి కూడా అంత పట్టింపు ఉండాలి. ఫీడ్‌లాట్ చుట్టూ నీళ్లు ఆపే కట్టలు, వాగు పక్కన గడ్డి పట్టీలు, పేడని బాగా మాగనిచ్చాకే పొలానికి చల్లడం, ఇవన్నీ ఇప్పుడే చేయగలిగినవి.

ప్రశ్న: మాకు ఓక్లహోమాలో చిన్న మంద ఉంది, దూడల్ని పాలు విడిచాక అమ్ముతాం. పక్క రాంచ్ వాళ్లు గుళిక వేయకపోతే నష్టపోతారంటున్నారు. వేయమంటారా?

జవాబు: పాలు తాగే దూడకి గుళిక వేస్తే విడిచేనాటికి 10 కిలోలకి అటూఇటూగా అదనంగా వస్తుంది, గుళిక ఖరీదు కొద్ది డాలర్లే, కాబట్టి మామూలు సంతలో అమ్మేవాళ్లకి లాభమే, మీ పక్కవాళ్ల మాట తప్పు కాదు. అయితే హార్మోన్లు వాడని పశువులకి ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు మీకు ముందే ఉంటే ఆ అదనపు ధర ఈ 10 కిలోల విలువని దాటుతుందా లేదా లెక్క వేసుకోండి. కొనేవాడు ఖాయంగా లేకుండా ఊరికే వేయకుండా ఉంటే మాత్రం ఆ కిలోలు పోగొట్టుకున్నట్టే. బలమైన గుళికలు పదే పదే పడిన పశువు మాంసంలో కండ మధ్య కొవ్వు గీతలు తగ్గుతాయి, గ్రేడు పడిపోతుంది, అది ఫీడ్‌లాట్ వాళ్ల బాధ అనుకోకండి, మీ దూడలు ఏ మార్కెట్‌కి వెళ్తాయో తెలిస్తే బేరంలో మీకే బలం. వేసేటట్టయితే పుట్టగానే వేయకండి, లేబుల్ మీద ఏ వయసు రాసి ఉందో ఆ వయసు రావాలి, చాలావాటికి 45 రోజులు దాటాలని ఉంటుంది. ఏ దూడకి ఏ తేదీన ఏ గుళిక పడిందో ట్యాగు నంబరుతో రాసి, అమ్మేటప్పుడు ఆ కాగితం కూడా ఇవ్వండి, కొన్నవాళ్లు తెలీక మళ్లీ వేసేయకుండా ఉంటారు. అన్నిటికంటే ముందు, పోతులుగా ఉంచే కోడెదూడలేవో, మందలో తల్లులు కావాల్సిన పెయ్యలేవో విడిగా కట్టేయండి, వాటి దగ్గరకి గన్ను తీసుకెళ్లొద్దు.